తెర రంగు.. గది వెలుగుతో జత కుదరాలి!

చీకటి గదిలో తెల్లటి పీడీఎఫ్.. ఎండ పడే కిటికీ పక్కన నల్లటి డార్క్ మోడ్.. రెండూ కళ్లను అలసిపోయేలా చేసేవే. పోటీ పరీక్షలకు చదివేవారు, ఐటీ ఉద్యోగులు, షిఫ్టుల్లో పనిచేసేవారు రోజూ గంటల తరబడి తెర ముందే ఉంటారు. మరి ఏ రంగు మంచిది? ఎప్పుడు మంచిది? తెలుసుకుంటే కళ్లకూ హాయి, చదువుకూ హాయి.

రాత్రిపూట విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూడండి. లంగరు వేసిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి. ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అందులో ఎక్‌డిస్ అనే ఎలక్ట్రానిక్ చార్ట్ తెర ఉంటుంది. ఓడ వెళ్లే దారి, నీటి లోతు, ప్రమాదకరమైన చోట్లు అన్నీ దానిమీదే చూస్తారు. పగటి పూట ఆ తెరమీద లోతైన నీరు తెల్లగా, లోతు తక్కువ ఉన్న చోటు నీలంగా కనిపిస్తుంది. రాత్రయితే అదే నీరు నల్లగా మారిపోతుంది. గీతలు, అంకెలు మసక వెలుగులోకి దిగుతాయి. పగలు, సంధ్యవేళ, రాత్రి.. ఇలా మూడు వేళలకు మూడు రంగుల పట్టికలు ఉండాలని అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ ప్రమాణాలే చెబుతున్నాయి.

ఎందుకంత పట్టింపు? తెర చూస్తున్న అధికారి మరుక్షణం కిటికీలోంచి బయటి చీకట్లోకి చూడాలి. అక్కడ చిన్న పడవ దీపం ఉన్నా కనిపెట్టాలి. తెర మరీ ప్రకాశంగా ఉంటే కంటికి ఉన్న చీకటి అలవాటు చెదిరిపోతుంది. అది పూర్తిగా తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఓడ ఆగదు కదా!

ఇదే జాగ్రత్త మన గదుల్లో కనిపించదు. ఎంవీపీ కాలనీ హాస్టల్లో రూమ్మేట్లు పడుకున్నారని లైటు తీసేసి, ఫుల్ బ్రైట్‌నెస్‌లో తెల్లటి మెటీరియల్ చదువుతుంటారు ఒకరు. రుషికొండ ఆఫీసులో తెల్లటి ట్యూబులైట్ల కింద నల్లటి తెరమీద సన్నటి బూడిద రంగు అక్షరాలతో కోడ్ రాస్తుంటారు ఇంకొకరు. ఇద్దరికీ సాయంత్రానికల్లా కళ్లు మంటలే. ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే.. ‘ఏ రంగు పెట్టుకుంటే మంచిది?’ ఓడ చెప్పే జవాబు కూడా ఒకటే. రంగు ఒక్కదాన్నీ విడిగా చూడకండి, చుట్టూ ఉన్న వెలుగుతో కలిపి చూడండి.

కన్ను ఎందుకు అలసిపోతుంది?

తెర చూస్తున్నప్పుడు కంటికి మూడు రకాల శ్రమ. మొదటిది, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి కంటి లోపలి కండరం బిగిసే ఉండాలి. గంటసేపు బరువు పట్టుకున్న చెయ్యి లాగినట్టే అదీ లాగుతుంది. రెండోది, రెప్పపాటు తగ్గిపోవడం. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర ముందు అది 5 నుంచి 7 సార్లకు పడిపోతుంది. దాంతో కంటి మీది తడి పొర ఆరిపోయి మంట, గరగర మొదలవుతాయి. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకాస్త ఎక్కువ. మూడోది, వెలుగు తేడా. తెర ఒక వెలుగులో, దాని వెనక గోడ మరో వెలుగులో ఉంటే కంటిపాప అటూ ఇటూ సర్దుకుంటూనే ఉండాలి.

రంగుల ఎంపికతో తగ్గేది ఈ మూడో శ్రమే. మొదటి రెండింటికీ విరామం, రెప్పపాటు తప్ప వేరే దారి లేదు. ఈ తేడా తెలియకే చాలామంది థీమ్‌ల మీద థీమ్‌లు మారుస్తుంటారు. కళ్లు మాత్రం అలాగే మండుతుంటాయి.

తెలుపా.. నలుపా?

డార్క్ మోడ్ ఇప్పుడు ఫ్యాషన్. యాపిల్ 2018లో మ్యాక్ కంప్యూటర్లకు, ఆ తర్వాతి ఏడాది ఐఫోన్లకు దాన్ని తెచ్చింది. ఆండ్రాయిడ్ 10తో 2019లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. చాలామంది దాన్ని ‘కళ్లకు మంచిది’ అనే మాటతోనే వాడతారు. అసలు సంగతి కాస్త వేరు.

వెలుగు బాగున్న గదిలో తెల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలే తేలిగ్గా చదవగలమని జర్మనీలోని డ్యుసెల్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనాల్లో చూపించారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. తెర తెల్లగా ఉంటే కంటిపాప చిన్నదవుతుంది. చిన్న రంధ్రంలోంచి చూస్తే దృశ్యం ఎలా స్పష్టంగా ఉంటుందో, అక్షరం అలా పదునుగా కనిపిస్తుంది. తెర నల్లగా ఉంటే కంటిపాప విచ్చుకుంటుంది. అక్షరం అంచులు కొంచెం చెదురుతాయి.

ముఖ్యంగా మీ కళ్లద్దాల చీటీలో ‘సిలిండర్’ పవర్ ఉంటే ఒకసారి గమనించండి. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలకు చుట్టూ పొగ కమ్మినట్టు, నీడ పడినట్టు అనిపిస్తుందా? అలాగైతే గంటల తరబడి చదవడానికి డార్క్ మోడ్ మీకు సరిపడదు.

అలాగని డార్క్ మోడ్ పనికిరానిదేం కాదు. గదిలో వెలుగు తక్కువగా ఉన్నప్పుడు, రాత్రి పడుకునే ముందు కాసేపు ఫోన్ చూడాల్సి వచ్చినప్పుడు అదే హాయి. వెలుగు గుచ్చుకునే వారికి, మైగ్రేన్ ఉన్న కొందరికి పగలు కూడా అదే నప్పుతుంది. ఒకటే షరతు. అచ్చమైన నలుపు మీద అచ్చమైన తెలుపు వద్దు. ముదురు బూడిద మీద లేత బూడిద అక్షరాలు పెట్టుకోండి. అంకెల్లో చెప్పాలంటే నేపథ్యానికి మూడు రంగులూ 30-30-30, అక్షరానికి 220-220-220. పగటికి లేత గోధుమ ఛాయ 245-240-228, దాని మీద 51-51-51 అక్షరాలు. పాత పుస్తకం కాగితంలా ఉంటుంది, కళ్లలోకి కొట్టదు.

పచ్చ రంగు చలువేనా?

‘పచ్చదనం కళ్లకు చలువ’ అని ఇంట్లో పెద్దలు చెప్పేదే. చెట్ల విషయంలో అది నిజం, ఎందుకంటే చెట్టును చూసేటప్పుడు మనం దూరం చూస్తాం. కంటి కండరం వదులవుతుంది. తెర పచ్చగా మారినంత మాత్రాన ఆ దూరం రాదు. పాత తరం కంప్యూటర్లలో నల్లటి తెరమీద ఆకుపచ్చ అక్షరాలు ఉండేవి. తెర లోపల పూసిన ఫాస్ఫర్ పదార్థం ఆ రంగులో వెలిగేది. అంతే తప్ప అది కళ్ల కోసం చేసిన ఏర్పాటు కాదు.

నేపథ్యం ఏ రంగైనా అక్షరానికీ దానికీ మధ్య తగినంత తేడా ఉండాలి. దీన్నే కాంట్రాస్ట్ అంటారు. వెబ్‌సైట్ల కోసం ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు అది కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21:1. తెలుపు మీద లేత బూడిద 170-170-170 అయితే 2.3:1 మాత్రమే. చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది, చదవడానికి నరకం. ముదురు నీలం మీద ఎరుపు అక్షరాలు ఇంకా కష్టం. కంటి కటకం ఎరుపును ఒక దూరంలో, నీలాన్ని మరో దూరంలో కేంద్రీకరిస్తుంది. అందుకే అక్షరాలు తేలుతున్నట్టు, కదులుతున్నట్టు అనిపిస్తాయి. ప్రజెంటేషన్లు చేసేవాళ్లు ఈ జోడీ జోలికి పోకపోవడమే మేలు.

తెలుగులో చదివేవారికి..

గ్రూప్స్, డీఎస్సీ లాంటి వాటికి తెలుగు మీడియంలో చదివేవారికి ఇంకో చిక్కుంది. మన లిపిలో తేడాలు చాలా చిన్నవి. ధ, థల మధ్య తేడా లోపలి చుక్క. ద, ధల మధ్య తేడా కింది చిన్న గీత. వత్తులు అక్షరం కింద ఇంకా చిన్నగా ఉంటాయి. కాంట్రాస్ట్ తగ్గితే ముందు మాయమయ్యేవి ఇవే. ఇంగ్లిష్‌కు సరిపోయిన సైజులో తెలుగు చదవబోతే కళ్లు చిట్లించాల్సిందే.

అందుకే తెలుగు పాఠానికి సైజు ఒకటి రెండు పాయింట్లు పెంచండి. వరసల మధ్య జాగా 1.5 ఉంటే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగలవు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంట్లు ఇందుకు బాగుంటాయి. ఫొటో తీసి పెట్టిన మసక పీడీఎఫ్‌ల విషయంలో మాత్రం ఏ రంగూ సాయం చేయదు. ముఖ్యమైనవైతే ప్రింట్ తీసుకోవడమే నయం.

నీలి కాంతి భయం ఎంత?

కళ్లజోడు కొనబోతే ‘బ్లూ కట్ వేయించుకోండి సార్’ అంటారు. ఈ అద్దాల మీద జరిగిన 17 క్లినికల్ పరీక్షలను కోక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి తెరవల్ల వచ్చే కంటి అలసటను స్వల్పకాలంలో తగ్గించకపోవచ్చని తేల్చింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ కూడా కంప్యూటర్ వాడకం కోసం వీటిని సిఫారసు చేయడం లేదు. ఒక్కసారి ఆలోచించండి. మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద ఎండ తీవ్రత లక్ష లక్స్ వరకు ఉంటుంది. ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్స్. ఆకాశం నుంచి వచ్చే నీలి కాంతి ముందు లాప్‌టాప్ వెలుగు ఏపాటి?

మరి నైట్ లైట్, ఐ కంఫర్ట్ లాంటి పసుపు ఛాయ మోడ్‌లు ఎందుకు? రాత్రి ప్రకాశవంతమైన, నీలం ఎక్కువున్న వెలుగు నిద్ర వేళను వెనక్కి నెట్టగలదు. ఆ ఉద్దేశంతో వచ్చినవే ఇవి. పెట్టుకుంటే నష్టం లేదు, కొందరికి హాయిగానూ ఉంటుంది. కానీ పసుపు రంగు పెట్టాం కదా అని రాత్రి రెండింటి వరకు రీల్స్ చూస్తే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఒక జాగ్రత్త.. ఫొటో ఎడిటింగ్, డిజైన్ పని చేసేటప్పుడు ఈ మోడ్ ఆపేయాలి. లేకపోతే రంగులన్నీ తప్పుగా కనిపిస్తాయి.

వేళను బట్టి, చోటును బట్టి

ఉదయం: విశాఖకు సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు. తూర్పు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆ వెలుగంతా తెరమీద పడి మెరుస్తుంది. కిటికీ ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది. బల్లను తిప్పి కిటికీ పక్కకు వచ్చేలా చూసుకోండి. లైట్ మోడ్, బ్రైట్‌నెస్ ఎక్కువ.

సాయంత్రం: బయట వెలుగు తగ్గుతున్న కొద్దీ తెర వెలుగూ తగ్గాలి. ఆటో బ్రైట్‌నెస్ ఉంటే వాడుకోండి. లేత గోధుమ నేపథ్యం ఈ వేళకు బాగుంటుంది.

రాత్రి చదువు: ట్యూబులైటు వేస్తే రూమ్మేట్లకు ఇబ్బంది అనుకుంటే చిన్న టేబుల్ ల్యాంపు తెచ్చుకోండి. దాని వెలుగు తెర వెనక గోడ మీద పడేలా తిప్పండి. తెరకూ గోడకూ తేడా తగ్గుతుంది. పూర్తి చీకట్లో మాత్రం చదవద్దు.

నైట్ షిఫ్టు: బయట చీకటే కానీ ఆఫీసు లోపల పగలే. కాబట్టి ఇక్కడ లెక్క గడియారానిది కాదు, గది వెలుగుది. ట్యూబులైట్ల కింద లైట్ మోడే తేలిక. రెండు మానిటర్లు వాడేవారు రెండింటి బ్రైట్‌నెస్, రంగు ఛాయ ఒకేలా పెట్టుకోవాలి. ఒకటి నలుపు, ఒకటి తెలుపు అయితే చూపు తిప్పిన ప్రతిసారీ కంటిపాపకు పనే.

ఫోన్: కొన్ని ఫోన్లలో వెలుగు బాగా తగ్గిస్తే తెర మన కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. కొందరికి దీనివల్ల తలనొప్పి వస్తుంది. అలాంటివారు వెలుగును మరీ అడుగుకు దించకుండా డార్క్ థీమ్ పెట్టుకుని చూడొచ్చు.

పరీక్ష హాల్లో రంగు మీ చేతుల్లో ఉండదు

జేఈఈ మెయిన్, ఈఏపీసెట్, బ్యాంకు, రైల్వే.. ఇప్పుడు చాలా పరీక్షలు కంప్యూటర్ మీదే. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ మూడేసి గంటలు. తెర తెల్లగా ఉంటుంది. దాన్ని మార్చుకునే వీలుంటుందని లెక్క వేసుకోకూడదు. ఏడాదంతా ఫోన్లో డార్క్ మోడ్‌లో చదివి, ఒక్కసారిగా అక్కడ మూడు గంటలు కూర్చుంటే కొత్తగా ఉంటుంది. అందుకే చివరి రెండు మూడు వారాలు మాక్ టెస్టులు తెల్లటి నేపథ్యంలో, వెలుగున్న గదిలో, లాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్ మీదే రాయండి. ఒక్కో సెక్షన్ అయ్యాక పది క్షణాలు కళ్లు మూసుకోవడం కూడా సాధనలో భాగం చేసుకోండి.

జేఈఈ మెయిన్ తెరమీద జవాబు రాసిన ప్రశ్న ఆకుపచ్చలో, చూసి వదిలేసింది ఎరుపులో, మళ్లీ చూద్దామనుకున్నది ఊదా రంగులో కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు మాక్ టెస్టులోనే ఆ గుర్తుల ఆకారాలను కూడా గుర్తుపెట్టుకోవాలి. మర్చంట్ నేవీ, రైల్వే లోకో పైలట్ ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకున్నవారైతే ఇంకా ముందే రంగుల చూపు పరీక్ష చేయించుకోవాలి. ఈ ఉద్యోగాలకు అది తప్పనిసరి. కోర్సు ఫీజు కట్టాక తెలిస్తే బాధే మిగులుతుంది.

రంగులు తెలిస్తే కెరీర్ కూడా!

పరిశ్రమల కంట్రోల్ రూమ్‌ల తెరల కోసం 2015లో ఐఎస్ఏ-101 అనే ప్రమాణం వచ్చింది. ఈ రంగంలో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏమిటంటే.. నేపథ్యం లేత బూడిద, మామూలుగా నడుస్తున్న యంత్రాలూ బూడిదే. ఎరుపు, పసుపు ప్రమాద సంకేతానికి మాత్రమే. తెరంతా రంగులతో నింపితే నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఎరుపు కంటికి ఆనదు. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊళ్లో ఇన్‌స్ట్రుమెంటేషన్, ఆటోమేషన్ చదివేవారు ఈ సంగతి తెలుసుకుని ఉంటే ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది.

యూఐ, యూఎక్స్ డిజైన్ వైపు వెళ్లేవారికీ ఇదే పాఠం. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు కూడా కాంట్రాస్ట్ లాంటి నియమాలను అడుగుతాయి. మీ పోర్ట్‌ఫోలియోలో ‘అందంగా చేశాను’ అనడం కంటే ‘ఇంత కాంట్రాస్ట్‌తో, రంగులు పోల్చుకోలేనివారికీ అర్థమయ్యేలా చేశాను’ అనగలిగితే విలువ వేరు.

రంగు మందు కాదు

థీమ్ మార్చి, వెలుగు సర్ది, విరామాలు తీసుకున్నా రెండు వారాల్లో తేడా లేకపోతే కంటి పరీక్ష చేయించుకోండి. చాలాసార్లు అసలు కారణం బయటపడని పవర్, లేదా పాతబడిన కళ్లజోడు. దాన్ని డార్క్ మోడ్ చాటున దాచుకుంటూ పోతే నష్టపోయేది మీరే. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఒకటి రెండుగా కనిపించడం, ఉన్నట్టుండి చూపు మసకబారడం, మెరుపులు కనిపించడం, కంటిలో తీవ్రమైన నొప్పి.. వీటిలో ఏదున్నా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి వేసుకోవడం అస్సలు వద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడితే చూపుకే ప్రమాదం.

ఈరోజే చేసి చూడండి

• తెల్ల కాగితం పరీక్ష: తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతుంటే బ్రైట్‌నెస్ తగ్గించండి. మురికిగా, బూడిదలా ఉంటే పెంచండి. రెండూ ఒకేలా అనిపించే చోట ఆపండి.

• ఆర్పి చూడండి: తెర ఆపేసి దానిలోకి చూడండి. ట్యూబులైటో, కిటికీయో కనిపిస్తే ఆ మెరుపే రోజంతా మీ కళ్లను ఇబ్బంది పెడుతున్నట్టు. తెర కోణం మార్చండి.

• చేయి చాచినంత దూరం: తెర 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు కాస్త దిగువన ఉండాలి.

• 20-20-20: 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి. మేడ మీద ఉన్నవారికి కైలాసగిరో, సముద్రమో ఉండనే ఉంది. ఆ 20 సెకన్లూ ఫోన్ తీయకూడదు, అదే నియమం!

• రెప్ప నిండుగా వేయండి: సగం సగం కాదు, పై రెప్ప కింది రెప్పకు తగిలేలా.

• ఒక్కో థీమ్‌కు మూడు రోజులు: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మారిస్తే ఏది నప్పిందో తేలదు. ఒకే గదిలో, ఒకే వెలుగులో మూడు రోజులు వాడి, పని అయ్యాక కళ్లు ఎలా ఉన్నాయో రాసుకోండి. స్నేహితుడికి సరిపడిందని మీకు సరిపడాలనేం లేదు. మీ కళ్లు ఏది హాయి అంటే అదే మీ రంగు.